విజ్ఞాన ప్రదర్శనమునకు సిద్ధపడు విధము

ఏటేట ఫిబ్రవరి మాసము వచ్చునప్పటికి మన పాఠశాలలలో విజ్ఞాన ప్రదర్శనముల సందడి మొదలగును. 1928వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన సి. వి. రామన్ గారు కాంతి పరిక్షేపణమును గూర్చి కనుగొనిన ఫలితమునకు జ్ఞాపకార్థముగా, 1987వ సంవత్సరమునుండి ఆ దినమును జాతీయ విజ్ఞాన దినముగా జరుపుచున్నారు. ఆ దినములలో తరగతి గదులలోని బల్లలు గోడల వెంబడి చేర్పబడును. బజారులో థర్మోకోలు పలకలకును రంగు కాగితములకును గిరాకి హెచ్చును. ఇండ్లలో తండ్రులు కత్తెరయు జిగురును చేతబూని రాత్రి చాల ప్రొద్దుపోవువరకు మేల్కొనియుందురు. మరునాడు పరీక్షకులు వచ్చి, ఒక్కొక్క బల్లయొద్ద నాలుగైదు నిమిషములు నిలిచి, రెండు మూడు ప్రశ్నలడిగి ముందునకు సాగిపోవుదురు. సాయంకాలము బహుమతులు ప్రకటించునపుడు, "అంత పెద్ద నమూనాకు రాని బహుమతి ఆ మూలనున్న రెండు కుండలకు ఎట్లు వచ్చినది?" అని ఆశ్చర్యపడువారు పెక్కురు. ఆ యాశ్చర్యమును దీర్చుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పరీక్షకులు తమ ఇచ్చ వచ్చినట్లు మార్కులు వేయుదురని కొందరు బాలురు తలంచుచుందురు. అది సరికాదు. 1971వ సంవత్సరమునుండి బాలల కొరకు జాతీయ విజ్ఞాన ప్రదర్శనములను నిర్వహించుచు వచ్చిన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు తమ మార్గదర్శక సూత్రములలో నూరు మార్కులను ఇట్లు పంచియున్నారు: బాలుర సొంత కల్పనకును ఊహాశక్తికిని 20, వస్తువులోని క్రొత్తదనమునకు 15, శాస్త్రీయమైన యాలోచనకు 15, పనితనమునకు 15, సామాన్య జనులకును బాలురకును కలుగు ప్రయోజనమునకు 15, తక్కువ వ్యయము, మోసికొనిపోవుటకు వీలు, మన్నిక అను వానికి 10, చూపుటకును వివరించుటకును 10. ఈ పట్టికను నిదానముగా చదివినవారికి ఒక సంగతి తోచక మానదు. కంటికి ఇంపుగా నుండుటచే దొరకగల మార్కులు, పనితనమును వివరణమును ఒకచోట కలిపి లెక్కించినను, 25కు మించవు. తక్కువ ఖర్చుతో చేసినందుకు మార్కులున్నవి. ఎక్కువ ఖర్చు పెట్టినందుకు ఒక్క మార్కైనను లేదు. అమెరికాలో ఏటేట జరుగు అంతర్జాతీయ విజ్ఞాన ప్రదర్శనమునందును తీరు ఇట్టిదే. అచ్చట విద్యార్థి నిలిపిన పలకకు 10 మార్కులైతే, విద్యార్థితో జరుపు సంభాషణకు 25 మార్కులు.

ఇక మన ప్రదర్శనములలో తరచుగా కానవచ్చు వస్తువులను చూతము. మట్టితో కట్టిన అగ్నిపర్వతము లేని ప్రదర్శనము లేదనవచ్చును. శిఖరమునందలి గుంటలో వంటసోడా వేసి, వెనిగర్ పోసినంతనే ఎఱ్ఱని నురుగు పొంగి పొరలును. చిన్నపిల్లలు కేరింతలు కొట్టుదురు. సంతోషమే. కాని "అగ్నిపర్వతములో వంటసోడా యున్నదా?" అని పరీక్షకుడడిగినచో ఏమి చెప్పవలెను? ఇచ్చట నురుగు పొంగుటకు కారణము వెనిగర్‌లోని ఆమ్లము వంటసోడాతో కలిసినపుడు పుట్టు బొగ్గుపులుసు వాయువు. నిజమైన అగ్నిపర్వతమున పొంగునది కరగిన శిలాద్రవము; దానిని పైకి ఎగజిమ్మునవి అందులో ఇమిడియుండి పైకి వచ్చుకొలది విడివడు నీటియావిరి మొదలగు వాయువులు. ఈ భేదమును తెలిసి చెప్పగల బాలుని అగ్నిపర్వతమునకు విలువ కలదు. తెలియనివానిది బాణసంచా మాత్రమే.

సూర్యకుటుంబపు నమూనా కూడ అట్టిదే. అంగడిలో కొన్న థర్మోకోలు బంతులకు రంగులు పూసి, తీగెలకు గ్రుచ్చి, జానెడు జానెడు దూరమున నిలుపుదురు. చూచిపోవువాడు గ్రహములన్నియు ఇరుగుపొరుగు ఇండ్లవలె దగ్గర దగ్గరగా నున్నవని నేర్చుకొని పోవును. దానికి మారుగా ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుమ్మడికాయను సూర్యుడనుకొని బడి వాకిట నుంచెననుకొందము. సూర్యుని అడ్డుకొలత భూమి అడ్డుకొలతకు 109 రెట్లు గనుక, ఆ లెక్కన భూమి మూడు మిల్లీమీటర్లకు లోబడిన సజ్జగింజ యగును. ఆ సజ్జగింజను గుమ్మడికాయకు 32 మీటర్ల దూరమున నుంచవలెను. అన్నింటికంటె వెలుపలిదైన నెప్ట్యూనునకు చోటు కావలెనన్నచో దాదాపు ఒక కిలోమీటరు నడచిపోయి, ఊరి చివర ఎచ్చటనో వెదకికొనవలెను. దీనికైన ఖర్చు ఒక గుమ్మడికాయ. ప్రదర్శనము ముగిసిన తరువాత అదియు వసతిగృహపు వంటశాలకు ఉపయోగపడును. అయినను దీనిని చూచినవాడు ఆకాశము ఎంత శూన్యమో మొదటిసారి గ్రహించును.

నమూనా వేరు, ప్రశ్న వేరు. పుస్తకములో నున్న బొమ్మను అట్టతోను జిగురుతోను మరల చేసినది నమూనా. మనకు తెలియని యొక సంగతిని తెలిసికొనుటకు చేసిన పని ప్రశ్నకు పుట్టినది. పరీక్షకులు ఒకే దినమున నూరు బల్లలు చూతురు. అంతర్జాలములో మీరు చూచి చేసిన దానిని వారును చూచియే యుందురు. అదే నాడు మీకు ముందు నలుగురి బల్లలమీద చూచియుందురు. మీ ఇంటి పెరటిలో, మీ ఊరి చెరువుగట్టున, మీ అమ్మమ్మ వంటయింటిలో పుట్టిన ప్రశ్నను మాత్రము వారు ఎచ్చటను చూచియుండరు. ఆ యొక్క మేలు బీదవానికిని ధనవంతునికిని సమానమే.

ఉదాహరణమునకు మంచినీళ్ల కుండను తీసికొందము. కుండలో నీరు చల్లబడునని ఎరుగనివారు మనలో లేరు. ఎంత చల్లబడును? ఎంతసేపటికి? ఎందువలన? అన్నచో చాలమంది నిలిచిపోవుదురు. మట్టికుండకు కంటికి కనబడని రంధ్రములు అసంఖ్యాకముగా కలవు. వానిగుండ నీరు కొంచెము కొంచెముగా వెలుపలికి ఊరి, గాలికి ఆవిరియై పోవును. నీరు ఆవిరి యగుటకు వేడి కావలెను. ఆ వేడిలో అధికభాగమును కుండనుండియు లోనున్న నీటినుండియు తీసికొనును. మన దేశపు వేడిమిలో ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కాలరీల వేడి పట్టును. ఇంతవరకు పుస్తకములో నున్నది. ఇక్కడనుండి విద్యార్థి పని ఆరంభమగును.

ఒకే కుమ్మరివద్ద, ఒకే ఆవమున కాలిన, ఒకే పరిమాణము గల రెండు కుండలను కొనవలెను. ఒకదానికి వెలుపల అంతటను నూనెరంగు రెండు పూతలు పూసి, బాగుగ ఆరనిచ్చి, నీరు ఊరకుండ చేయవలెను. రెండవదానిని ఉన్నదున్నట్లు విడువవలెను. రెండింటను ఒకే బిందెనుండి మూడేసి లీటర్ల నీరు పోసి, ఒకే నీడలో, ఒకే విధమైన కుదుళ్లమీద, పైన మూకుళ్లు మూసి యుంచవలెను. అరగంటకొకసారి రెండింటిలోని నీటి వేడిమిని, గదిలోని గాలి వేడిమిని చూచి వ్రాసికొనవలెను. రెండు కుండలకును ఒక్క పూత తప్ప మరి యే భేదమును ఉండరాదు. ఒకటి కిటికీ దగ్గర, మరియొకటి గోడమూల ఉన్నచో, చల్లబడుటకు కారణము రంధ్రములో గాలియో చెప్పజాలము. పరీక్షకుడు మొట్టమొదట వెదకు లోపమిదియే.

థర్మామీటరు విషయమున ఒక మాట. జ్వరము చూచు థర్మామీటరు ఇందుకు పనికిరాదు. అది సుమారు 35 మొదలు 42 డిగ్రీలవరకే చూపును. ప్రయోగశాలలో వాడు పొడవైన థర్మామీటరు కావలెను. పాదరసము విషపదార్థము గనుక ఎఱ్ఱని ఆల్కహాలు గలదానిని వాడుట మేలు. రెండు థర్మామీటర్లు వాడునట్లయిన, మొదట రెండింటిని ఒకే చెంబు నీటిలో ముంచి చూడవలెను. తరచుగా వానికి అరడిగ్రీయో, డిగ్రీయో భేదముండును. ఆ భేదమును ముందే వ్రాసికొననివాడు, దానినే తన కుండ మహిమగా భ్రమపడు ప్రమాదము కలదు.

త్రాసు దొరికినచో ఈ ప్రయోగము మరింత రుచించును. ఆరంభమునను, మూడు నాలుగు గంటల తరువాతను కుండను నీటితోకూడ తూచి, తగ్గిన బరువెంతో చూడవలెను. 60 గ్రాములు తగ్గెననుకొందము. 60ని 580చే హెచ్చింపగా 34,800 కాలరీలు. లోనున్న నీరు 3,000 గ్రాములు గనుక, వేడి అంతయు ఆ నీటినుండియే పోయినచో అది 11.6 డిగ్రీలు చల్లబడవలెను. థర్మామీటరు మాత్రము అంత తగ్గుదల చూపదు. మిగిలిన వేడి ఎచ్చటినుండి వచ్చినది? చుట్టునున్న గాలి కుండను నిరంతరము వెచ్చజేయుచుండును. కుండమట్టి కూడ చల్లబడుటకు కొంత వేడిని విడువవలెను. లెక్కకును కొలతకును నడుమనున్న ఈ తేడా విద్యార్థి సిగ్గుపడవలసిన తప్పు కాదు. అతని పనియందు మిక్కిలి రసవంతమైన చోటు అదియే. దానిని దాచినవాడు పరీక్షకునితో మాటలాడుటకు దొరికిన మంచి యవకాశమును దాచిపెట్టినవాడగును.

మరియొక మెట్టు ఎక్కదలచినవారు, మూడవ థర్మామీటరు బుడ్డికి పలుచని తడిగుడ్డ చుట్టి గాలికి వ్రేలాడగట్టి విసరవలెను. అది చూపు అంకెకు దిగువకు కుండనీరు ఎన్నడును దిగజాలదు. గాలి వేడిమి 40 డిగ్రీలై, అందు తేమ నూటికి 20 పాళ్లు మాత్రమే యున్నచో, తడిగుడ్డ థర్మామీటరు సుమారు 23 డిగ్రీలు చూపును. గాలి 35 డిగ్రీలే యైనను తేమ నూటికి 70 పాళ్లున్నచో, అది సుమారు 30 డిగ్రీల వద్దనే నిలిచిపోవును. అనంతపురమువంటి పొడిసీమలో కుండనీరు జిల్లుమనుటకును, మచిలీపట్నమువంటి సముద్రతీరమున అదే కుండ అంతగా చల్లపరుపలేకపోవుటకును కారణమిదియే. సెలవులలో బంధువుల ఇండ్లకు పోవు విద్యార్థులు ఇద్దరు, ఒకరు తీరమునను ఒకరు మెట్టసీమను కొలతలు తీసికొని వచ్చినచో, అట్టి పట్టిక ఏ అంగడిలోను వెలకు దొరకదు.

కొలతలను వ్రాసికొను పుస్తకమును గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. మైకేలు ఫారడే కమ్మరి కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనినేర్చుకొనుచు, తన చేతిలోనికి వచ్చిన పుస్తకములనే చదివి జ్ఞానము సంపాదించెను. 1831వ సంవత్సరమున అయస్కాంతముచే విద్యుత్తును పుట్టించెను. ఆయన భక్తిపరుడైన క్రైస్తవుడని మన పాఠకులలో పెక్కురెరుగుదురు. ఆయన దినచర్య పుస్తకమును గూర్చి ఎరిగినవారు అంతమంది యుండరు. అందులో తన ప్రయోగములను ఒక్కొక్క పేరాకు సంఖ్య వేసి వ్రాసికొనెను. ఆ సంఖ్యలు 16,000 దాటినవి. నెరవేరిన ప్రయోగములతోపాటు నెరవేరనివియు అందు నిలిచియున్నవి. మన విద్యార్థులకు అంత పుస్తకము అక్కరలేదు. నలుబది పుటల నోటుపుస్తకము చాలును. కాని తేదీ, గంట, అంకె ఆ క్షణముననే సిరాతో వ్రాయవలెను. తప్పు వ్రాసినచో చెరిపివేయక ఒక గీటు గీసి ప్రక్కన సరిచేయవలెను. చివరి రాత్రి అందమైన దస్తూరితో ఒకే సిరాతో ఎత్తివ్రాసిన పుస్తకమును అనుభవముగల పరీక్షకుడు తెరచినంతనే గుర్తుపట్టును. నీటిచుక్కలు పడి, అంచులు నలిగిన పుస్తకమునకు కలుగు గౌరవము దానికి కలుగదు.

కల్పించిన అంకెలను గుర్తుపట్టుట అంతకంటెను సులభము. నిజముగా కొలిచిన అంకెలు కొంచెము అటునిటు ఊగును. ఒకనాటికిని మరియొకనాటికిని తేడా యుండును. ఇంటియొద్ద కూర్చుండి వ్రాసిన అంకెలు మెట్లవలె సమముగా దిగివచ్చును. అందుచే ప్రయోగమును కనీసము మూడు దినములు మూడు మార్లు చేయవలెనని మా సలహా. ఒక ప్రదర్శనములో ఒక బాలిక ఉప్పునీటిలో పెసలు మొలకెత్తుటను పరీక్షించి తెచ్చినది. ఉప్పు హెచ్చినకొద్ది మొలకలు తగ్గవలెనని ఆమె మొదట తలంచినది. కాని అతిస్వల్పముగా ఉప్పు కలిపిన డబ్బాలో ఉప్పులేని డబ్బాకంటె రెండు గింజలు ఎక్కువ మొలచినవి. దానిని ఆమె చెరిపివేయలేదు. "ఎందుకో నాకు తెలియదండి. డబ్బాకు ఇరువది గింజలే వేసితిని. ఎక్కువ గింజలతో మరల చేయవలెను" అన్నది. మేము ఆ బల్లను విడిచి పోవుటకు చాలసేపు పట్టినది. దానికి ప్రక్కబల్లమీద కొనితెచ్చిన యంత్రమొకటి దీపములు వెలిగించుచు తిరుగుచుండెను. దాని యజమానియైన బాలుడు ఆ తీగె అచ్చటికే యేల పోవుచున్నదో చెప్పలేక తండ్రివైపు చూచెను. మాకు ఆ బాలునిమీద కోపము రాలేదు, జాలి కలిగినది. అతని చేతికి పని ఎవ్వరును ఇయ్యలేదు.

ఇందుచేతనే తలిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డకు తోడుండుడు. కుండ తెచ్చి యిండు. బరువెత్తుడు. కత్తి, నిప్పు, ఆమ్లము ఉన్నచోట దగ్గర నిలువుడు. అంకె మాత్రము బిడ్డయే చదువవలెను. వంకరగానైనను గీత బిడ్డయే గీయవలెను. వసతిగృహమున నుండు బాలబాలికల తండ్రులు కొందరు, మేము కూలిచేసికొని బ్రదుకువారము, నమూనాకు డబ్బు ఎచ్చటినుండి తెత్తుమని చెప్పి, పిల్లల పేర్లను జాబితానుండి తీసివేయించుట మేమెరుగుదుము. అది మాకు మిక్కిలి విచారకరము. పైన చెప్పిన ప్రయోగమునకు కావలసినవి రెండు కుండలు, కొంచెము రంగు, పాఠశాలనుండి ఎరవు తెచ్చుకొను థర్మామీటరు. ఎంపికయైన యూహకు కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకము క్రింద 10,000 రూపాయలు విద్యార్థికి అందు ఏర్పాటు కూడ కలదు. ఆ యెంపికకు ఊహను పంపవలసినది పాఠశాల ద్వారానే గనుక, ఉపాధ్యాయులు ఆ గడువును మరువరాదు.

పలకమీద వ్రాయు సంగతి కొంచెమే చెప్పుదుము. పై వరుసలో ప్రశ్నను ఒకే వాక్యముగ, రెండు గజముల దూరమునుండి చదువవీలగు అక్షరములతో వ్రాయవలెను. క్రింద ప్రయోగపు బొమ్మ, అంకెల పట్టిక, ఒక గీతచిత్రము, తేలిన సంగతి. అంతకుమించి వ్రాసినది ఎవరును చదువరు. మెరుపుకాగితము అంటించుట మీ ఇష్టము.

మాటను గూర్చి ఎక్కువగా చెప్పవలెను. విద్యార్థులు రెండు పుటల ఇంగ్లీషు వ్యాసమును బట్టీయము వేసి, పరీక్షకుడు కనబడినంతనే ఊపిరి బిగబట్టి అప్పగింతురు. నడుమ ఒక ప్రశ్న పడినచో దారము తెగి మరల మొదటినుండి ఆరంభింతురు. ఏ భాషలో ఆలోచించి పనిచేసితిరో ఆ భాషలో చెప్పుడు. తెలుగులో చక్కగా చెప్పినదానికి మార్కు తగ్గింపుమని పైన చెప్పిన సూత్రములలో ఎచ్చటను లేదు. రెండు నిమిషములలో నాలుగు సంగతులు చెప్పగలిగిన చాలును: ఏమి తెలిసికొనదలచితిమి, ఏమి చేసితిమి, ఏమి కనబడినది, ఇంకను ఏమి తెలియలేదు. ఇంటిలో అవ్వకో, ప్రక్కింటి తాతకో ముందుగా చెప్పిచూడుడు. వారడుగు ప్రశ్నలే సాధారణముగా పరీక్షకుడును అడుగును: "పాతకుండ కంటె క్రొత్తకుండ ఎందుకు బాగుగ చల్లపరచును?" "కుండకు తడిగుడ్డ చుట్టినచో?" తెలియని ప్రశ్న వచ్చినపుడు తెలియదని చెప్పి, తెలిసికొనుటకు ఏమి చేయవచ్చునో చెప్పుట శ్రేష్ఠము. నోటికి వచ్చినది చెప్పినచో అంతకుముందు చెప్పిన నిజములమీద కూడ పరీక్షకునికి నమ్మకము తగ్గును.

ప్రదర్శనము నాటి జాగ్రత్తలు కొన్ని కలవు. కుండ చల్లబడుటకు గంటలు పట్టును గనుక, పరీక్షకులు పదిగంటలకు వచ్చునట్లయిన తెల్లవారుజాముననే నీరు పోసి యుంచవలెను. బండిమీద కుండ పగులవచ్చును. గడ్డిలో పెట్టి తీసికొనిపోవుట, మరియొక కుండను సిద్ధముగ నుంచుకొనుట మంచిది. విద్యుత్తు కావలసిన వస్తువులు తెచ్చినవారు, ఆ సమయమున అది పోయినచో ఏమి చేయుదురో ముందే యోచింపవలెను. 230 వోల్టుల తీగెలతో బాలురు స్వయముగా పనిచేయకూడదు. బ్యాటరీతో జరుగు పనికి బ్యాటరీయే చాలును. కప్పలను, పక్షిపిల్లలను సీసాలలో బంధించి తెచ్చుట మానవలెను.

ప్రదర్శనము ముగిసినపిమ్మట నమూనాలు చాలవరకు చెత్తకుప్పకు చేరును. నోటుపుస్తకమును మాత్రము పారవేయక, అట్టవేసి, పేరును సంవత్సరమును వ్రాసి, పాఠశాల గ్రంథాలయమునకు ఇయ్యవలెనని కోరుచున్నాము. వచ్చు సంవత్సరము తొమ్మిదవ తరగతికి వచ్చు బాలుడెవడైనను దానిని తెరచి, క్రొత్తకుండ అంకెలను చూచి, సంవత్సరముపాటు వాడిన అదే కుండను మరల కొలువవచ్చును. నీటిలోని లవణములు పేరుకొని రంధ్రములు ఎంతవరకు మూసికొనినవో తెలిసికొనుటకు అతనికి మొదటి సంవత్సరపు పట్టిక సిద్ధముగా నుండును. రంగు పూయని కుండను కూడ పగులగొట్టక ప్రయోగశాలలో అప్పగింపుడు.